పూజలో ఇరుక్కున్న ఫోను లైను

మా త్రినాథ్ బావ ఒక విజయదశమినాడు సాక్షాత్తూ దుర్గమ్మ తల్లిని ఇంటర్నెట్‌లోకి ఎక్కించి, దింపడం చేతకాక మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చోబెట్టాడు. ఆ పూట భూమ్మీద ఒక్క వైరస్ కూడా తల ఎత్తలేదు. ఈ సంగతి కంప్యూటర్లు కనిపెట్టినవాళ్లకు తెలియదు, నరసన్నపేటలో నాకు తెలుసు. వాళ్లెవరూ వచ్చి అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

త్రినాథ్ నా మేనత్త సుభద్రమ్మ కొడుకు. రేడియోలు, టీవీలు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే దుకాణం. మాటకు మహా పిసినారి. టీవీ తెచ్చినవాడు దాని జబ్బు గురించి రామాయణమంతా చెబితే, అంతా విని "రేపు రండి" అంటాడు. రేపు వస్తే "అయిపోయింది" అంటాడు. మధ్యలో ఏం జరిగిందో దేవుడికీ టీవీకీ తెలియాలి.

ఆ మాటల లోటు తీర్చడానికే దేవుడు నన్ను ఆ దుకాణంలో పెట్టాడని నా నమ్మకం. నేను శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ చదువు మధ్యలో వదిలేశాను. వదిలేశానని నేనంటాను, తీసేశారని మా నాన్నంటాడు, 'ఆ కుర్రాడు అసలెప్పుడొచ్చాడు?' అని ప్రిన్సిపాలు అడిగాడట. మొత్తానికి చదువు భారం దిగిపోయాక బావ దుకాణానికి నన్ను నేనే మేనేజరుగా వేసుకున్నాను. పనల్లా ఒకటే, వచ్చినవాళ్లతో మాట్లాడటం. రానివాళ్లను కూడా రోడ్డు మీద ఆపి మాట్లాడేవాణ్ణి.

ఇరవై ఏళ్ల పైమాట ఇది. ఇప్పుడు గోడకో పెట్టె బిగించి పోతున్నారు, కట్టేయడం మరిచిపోయిన కుళాయిలాగ నెట్ పగలూ రాత్రీ కారుతూనే ఉంటుంది. అప్పుడలా కాదు. ఫోను తీగ తెచ్చి మోడెం అనే చిన్న డబ్బాకు గుచ్చాలి. అది మనిషిలాగ ఫోను చేయాలి, అవతలివాడు ఎత్తాలి, ఇద్దరూ కీచుమని కాసేపు పోట్లాడుకోవాలి, అప్పుడు నెట్ వస్తుంది. వచ్చినంతసేపూ ఇంటి ఫోను మోగదు. ఎవరు చేసినా ఎంగేజ్. మేనత్త ఇంట్లో ఉన్నది ఒక్కటే లైను. ఇంటి మంచిచెడ్డలూ దుకాణం వ్యవహారాలూ ఇంటర్నెట్టూ అన్నీ ఆ ఒక్క తీగ మీదే నడవాలి.

అందరి కంప్యూటర్లలో బొమ్మ మీద నొక్కితే నెట్ వచ్చేది. మా బావ దానిలో అది లేదు. శ్రీకాకుళం బస్టాండులో కొన్న పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలోంచి లినక్స్ అనేది ఎక్కించాడు. దానికి బొమ్మలు గిట్టవు. ఏం కావాలన్నా ఇంగ్లీషు అక్షరాల్లో టైపు కొట్టి చెప్పుకోవాలి. ఏ నంబరుకు చేయాలి, పేరేమిటి, రహస్యపు మాటేమిటి, ఎంతసేపు ఆగాలి, అంతా ప్రతిసారీ కొట్టాలంటే ఈలోపు అడిగినవాడు టీ తాగి ఇంటికెళ్లిపోతాడు. అందుకని బావ ఆ ఆజ్ఞలన్నీ ఒకచోట రాసి దానికి 'లెగు' అని పేరు పెట్టాడు. లైను కట్ చేసే ఆజ్ఞలు ఇంకోచోట రాసి 'తొంగో', అంటే పడుకో, అన్నాడు. దుకాణానికొచ్చి ఎవరైనా పరీక్ష ఫలితమో మరొకటో కావాలంటే 'లెగు' కొట్టేవాడు. పని కాగానే 'తొంగో' కొట్టేవాడు. మోడెం దీపం ఆరిందో లేదో వంగి చూసుకుని మరీ లేచేవాడు.

"కాసేపు ఉండనీ బావా, పేపరు సూసుకుంతాను," అనేవాణ్ణి.

"పనుందా?"

"పనంటే..."

"మరయితే తొంగోనీ."

నేనూ అలాంటి ఆజ్ఞల స్క్రిప్టు ఒకటి రాశాను లెండి. 'పరిగెట్టు' అని పేరు. నెట్ వేగం పెంచడానికి. అందులో ఫోను నంబరు ఒక అంకె తేడా కొట్టడంతో అది పరిగెత్తి పరిగెత్తి ఊరి చివర ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి ఇంటికి వెళ్లేది. ఆయన రిసీవరు ఎత్తితే చెవిలో కీచుమనేది. ఇంట్లో ఎవరికో గాలి సోకిందనుకుని ఆయన ఆంజనేయస్వామికి ఆకుపూజ కట్టించాడు. నా సాఫ్ట్‌వేరు వల్ల భక్తి పెరిగినట్టు రుజువు అదొక్కటే.

ఇంతలో బావకు పెళ్లి సంబంధం వచ్చింది. రాజాంలో ధాన్యం వ్యాపారం చేసే జగన్నాధంగారి అమ్మాయి అనూరాధ. అక్కడే ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పించేది. చూడ్డానికి మేనత్త, బావ, నేను వెళ్లాం. బావ మాట్లాడడు కాబట్టి మా ఘనత నేనే చెప్పాను. మా దుకాణానికి ఇచ్ఛాపురం నుంచి కూడా టీవీలు వాటంతటవే వస్తాయన్నాను. జగన్నాధంగారు శ్రద్ధగా విని, మేనత్త వైపు తిరిగి, "ఈ బాబుకి పెళ్లయ్యిందాండి?" అని అడిగారు. లేదంటే, "అదే," అన్నారు.

అమ్మాయి మాత్రం నన్ను చూడనే లేదు. బావనడిగింది. "ఆ కంప్యూటరు ఫోను పట్టుకుని ఉన్నప్పుడు ఎవరైనా మీకు ఫోన్ చేస్తేనండి?"

"ఎంగేజ్ వస్తాదండి."

"అర్జెంటయితే?"

"అందుకే పనవగానే ఆపెస్తానండి."

అంతే. ప్రేమకథ మొత్తం అదే. తిరుగు బస్సులో బావ కిటికీలోంచి చూస్తూ, చీపురుపల్లి దగ్గరనుకుంటాను, ఎవరూ అడక్కుండా నోరు తెరిచాడు. "మంచి కొచ్చినడిగింది," అన్నాడు. రణస్థలం దగ్గర మళ్లీ అదే మాటన్నాడు. మా బావ ఒకే మాట రెండుసార్లు అనడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ బస్సు చీపురుపల్లి మీదుగా వెళ్లదనీ రణస్థలం దారే కాదనీ ఎవరైనా అంటే, ఆ రోజు వెళ్లిందంటాను. బావ అన్నమాట మాత్రం నిజం. అతనికి ఆ అమ్మాయి మీద మనసు పడింది.

ఆ రోజు రాజాంలో మేం బయల్దేరేముందు జగన్నాధంగారు పంచాంగం చూసి మేనత్తతో చెప్పారు. "దశమినాడు మంచి గడియలు మద్దేనం దాకా ఉన్నాయమ్మా. ఆలోగా ఫోన్ సేసి ఏ సంగతీ సెప్పెస్తాం. సాయంత్రం విజయనగరం నించి ఇంకోలు సూణ్ణానికి వస్తామన్నారు. ఆలకి ఔనో కాదో ముందే సెప్పాల కదా."

దశమి వచ్చింది. మా మేనత్త ఆయుధపూజ అంటే మామూలు కాదు. ముందుగదిలో బల్ల వేసి, దుర్గమ్మ పటం పెట్టి, బావ పనిముట్లన్నీ వరసగా పేర్చింది. స్క్రూడ్రైవర్లు, టెస్టర్లు, కటింగ్ ప్లేయర్లు, సోల్డరింగ్ కడ్డీ అన్నిటికీ పసుపు, బొట్టు, బంతిపూలు. వంటింట్లోంచి చాకు, కత్తిపీట కూడా నా చేత తెప్పించి పెట్టింది. నాది కూడా ఏదైనా పనిముట్టు పెట్టమంది. నోరు తప్ప నాకేముంది? నాకూ ఒక బొట్టు పెట్టింది.

ఆమెకొక పట్టింపు ఉంది. పనిముట్టును తల్లికి చచ్చిన కట్టెలాగ చూపించకూడదు, పనిచేయించి చూపించాలి. కుట్టుమిషను చక్రం ఒకసారి తిప్పింది. మోపెడ్ నా చేత తొక్కించింది. రేడియో పాడించింది. కంప్యూటరు దగ్గరికొచ్చి ఆగింది.

"ఒరే త్రినాధా, ఇదేటిరా ఊరికే కూకుంది? టీవీకీ దీనికీ తేడా ఏటి? తల్లి సూడొద్దేటి దీని పని?"

బావ ఒక నిమిషం చూపించి ఆపేద్దామనుకున్నాడు. 'లెగు' కొట్టాడు. మోడెం కీచుమంది. మేనత్త చెవికది శంఖంలాగ వినిపించింది కాబోలు, "అమ్మా తల్లీ!" అని కర్పూరం వెలిగించేసింది. బావ "ఆగమ్మా, ఉండు," అంటూనే ఉన్నాడు. ఎవరికీ వినపడలేదు. గంట నా చేతిలో ఉంది. ఆ రోజు నేను గంట కొట్టినట్టు అరసవల్లి గుళ్లో రథసప్తమినాడు కూడా కొట్టి ఉండరు. పొగ తగ్గేసరికి కీబోర్డు మీట మీటకూ కుంకుమ, మోడెం చుట్టూ పసుపుతాడు, గోడకున్న ఫోను సాకెట్టుకు బంతిపూవు.

"అయిపోయింది," అంది మేనత్త. "రేపు పొద్దున్న నాను తల్లికి ఉద్వాసన సెప్పినదాకా వీటిలో ఒక్కటి కూడా ఎవుడూ ముట్టుకోకూడదు."

ఇంట్లో ఎప్పుడూ నవ్వుతూ తిరిగే మేనత్త ఆ ఒక్క విషయంలో నవ్వదు. ఆమె భర్త, మా మావయ్య, వడ్రంగం చేసేవాడు. ఒక దసరానాడు ఉద్వాసన కాకుండానే ఎవరో అడిగారని పూజలోంచి రంపం తీశాడు. అదేరోజు వేలు పోయింది. అప్పట్నుంచి దశమినాడు ఆ బల్ల దగ్గర మేనత్త పీట వేసుకుని కూర్చుంటుంది.

బావ మొహం అప్పుడు చూశాను. మోడెం దీపం మినుకుమంటోంది. నెట్ లేచే ఉంది. ఫోను ఎంగేజ్‌లో ఉంది. రాజాం నుంచి జగన్నాధంగారు చేస్తారు, చేస్తూనే ఉంటారు, మంచి గడియలు దాటిపోతాయి, సాయంత్రానికి విజయనగరంవాళ్లు దిగిపోతారు.

"అదే ఊడిపోతాది బావా," అన్నాను. మా ఊరి లైను తుమ్మితే ఊడేది.

"ఊడితే మళ్లీ అదే లెగిసినట్టు రాసినాను."

"కరెంటు పోతాది."

"యూపీఎస్ ఉంది."

అయినా కరెంటు పోతుందేమో, యూపీఎస్ బ్యాటరీ అయిపోతుందేమోనని ఇద్దరం ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాం. ఏడాది పొడుగునా మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోగానే పోయే కరెంటు ఆ రోజు రాజుగారి ఏనుగులాగ నిలబడిపోయింది. ఫ్యాను కూడా అంత జోరుగా తిరగడం నేనెప్పుడూ చూడలేదు.

బయటి నుంచి రాజాం ఫోన్ చేసి సంగతి చెబుతానని రోడ్డెక్కాను. నేను మాట్లాడితే ఉన్న సంబంధం కూడా పోతుందని బావ వెనకాలే వచ్చాడు. ఎస్టీడీ బూత్ షట్టరు సగానికి దించి ఉంది. వంగి చూస్తే, బూతులోని ఫోను దండ వేసుకుని, బొట్టు పెట్టుకుని, అరటిపళ్ల మధ్య పెళ్లికొడుకులా కూర్చుంది. దాని పక్కనే మరొకటి. బూతువాడు చేతులు జోడించాడు. "రేపు బాబూ, పూజలో ఉంది." రెండో బూతుకు వెళ్లాం. అక్కడ ఫోనుకు పట్టుబట్ట కూడా కప్పారు. మా వీధిలో ఫోనున్న ఇంకో ఇంటివాళ్లు పండక్కి తాళం వేసి వెళ్లారు. సెల్‌ఫోన్లు అప్పటికి మా వీధి దాకా రాలేదు.

ఇక మిగిలింది తీగ. ఇంట్లో తీగ పూజలో ఉంది కానీ, స్తంభం నుంచి గోడ దాకా వచ్చే తీగకు మేనత్త బొట్టు పెట్టలేదు. అది బయట కోసేస్తే మోడెం మళ్లీ మళ్లీ లేవబోయి ఓడిపోతుంది, తర్వాత ముడేస్తే ఫోను బతుకుతుంది. ఈ ఆలోచన నాదే. ఇప్పటికీ నాకు దాని మీద గర్వమే. గోడెక్కి, తీగ పట్టుకుని చెయ్యి చాపాను.

"బావా, ప్లేయరియ్యి."

బావ నన్ను చూశాడు. నేను బావను చూశాను. ప్లేయరు లోపల పసుపు రాసుకుని కూర్చుంది.

"సాకు?"

"పూజలో ఉంది."

"కత్తిపీట?"

"నువ్వే కదరా మోసుకొచ్చినావు."

ఆ దశమినాడు నరసన్నపేటలో తీగ ముక్క కోయడానికి పనికొచ్చే ఇనుము బయట లేదు. అందుకని పళ్లతో కొరికాను. నాలుక మీద చింతపండు పెట్టినట్టు జివ్వుమంది. గోడ అవతల పడ్డాను. ఆ క్షణంలో తీగలో పోతున్న ఇంటర్నెట్ కొంత నా కడుపులోకి దిగిందని, అందుకే చదువు లేకపోయినా నాకిన్ని విషయాలు తెలుసనీ చెబుతుంటాను. తెగలేదు మాత్రం. పన్నొకటి కదిలింది.

బావ నన్ను లేపి దులిపి లోపలికెళ్లాడు. పీట మీదున్న వాళ్లమ్మ ముందు కింద కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర దవడ పట్టుకుని నిలబడ్డాను.

"అమ్మా, రాజామోలు ఫోన్ సేస్తారు."

"సెయ్యనీ. ఫోనుకి నాను బొట్టెట్టలేదు కదా. అది పనిముట్టు కాదు, ఇంటి మడిసి."

"రెండిటికీ ఒకటే తీగమ్మా. ఇది లెగిసుంటే అది మోగదు."

మేనత్త ఫోను వంక చూసింది, మోడెం వంక చూసింది. "పొద్దున్నించీ?"

"పొద్దున్నించీ."

"మరి సెప్పవేటిరా ఎర్రినాగన్నా!"

"సెప్పినాను. ఈడు గంట కొట్టినాడు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. గంట ఎక్కడ పెట్టానా అని నేను పైకప్పు చూశాను.

"నీ సెయ్యి ఎయ్యకూడదు," అంది మేనత్త. గొంతు తగ్గింది. "మీ నాన్న సెయ్యి సూసినావు కదా."

"సూసినానమ్మా."

"ఆ రాజాం గుంట నీకు నచ్చిందా?"

బావ జవాబు చెప్పడానికి ఒక టీవీ రిపేరుకు పట్టేంత సమయం తీసుకున్నాడు.

"నచ్చింది," అన్నాడు. తర్వాత అన్నాడు, "నువ్వు తల్లిని పిలిసినావు కదమ్మా. పిలిసినోలే పంపొచ్చు కదా. రేపటి ఉద్వాసన ఇయ్యాలే సెప్పెయ్యి. అది ఆపాక నాను సూసుకుంతాను."

మేనత్త పటానికి దండం పెట్టింది. లేచి కాళ్లు కడుక్కుని వచ్చింది. అక్షతలు వేసింది. పూజ పళ్లేన్ని ఉద్వాసన గుర్తుగా కొంచెం ఉత్తరానికి జరిపి, "తల్లీ, కోడలొస్తాది. ఈ ఒక్కపాలీ బేగి ఎళ్లిపో. మళ్లీ ఏడు పాయసం ఎక్కువెడతాను," అంది. నాకేసి తిరిగి, "గంట ముట్టుకున్నావంటే సంపెస్తాను," అంది.

అయినా కొడుకు చెయ్యి వేయడానికి ఆమె మనసొప్పలేదు. "నానే ఆపుతాను. ఏటి నొక్కాలో సెప్పు," అంది. ఆమెకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇంగ్లీషు అక్షరాలు తెలియవు. బావ వెనకాల నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాడు.

"గొడుగులాగుంటాది సూడు. పైవరస."

"ఇదా?" 'టీ' పడింది.

"సిల్లు గారె."

'ఓ' పడింది.

"రెండు కర్రలు, మద్దిన వాలుగా ఇంకో కర్ర. కిందవరస."

'ఎన్' దొరకడానికి కాస్త టైం పట్టింది.

"కొడవలి. సివర సిన్న కొక్కెం."

'జీ' మీద బొట్టు దట్టంగా పడింది, కనపడటం లేదు. సాయం చేద్దామని, "పాములాగుంటాదత్తా," అన్నాను. ఆమె 'ఎస్' నొక్కేసింది. బావ కళ్లు మూసుకున్నాడు. "పైన మూల బాణం ఉంది, అది నొక్కమ్మా, పోతాది. ఒరే నరసింగా, నువ్వు బయటికి పో." నేను పోలేదు, నోరు మాత్రం మూశాను. కుంకుమ చీరచెంగుతో తుడిచి కొడవలి పట్టింది. మళ్లీ సిల్లుగారె. చివరికి కుడివైపు పెద్ద మీట బొటనవేలితో, పిడక కొట్టినట్టు అదిమింది.

మోడెం దీపం ఆరింది.

బావ వంగి చూసుకున్నాడు. ముగ్గురం ఫోను చుట్టూ నిలబడ్డాం. మోగలేదు. మేనత్త గడియారం చూసింది. మంచి గడియలు అడుగంటుతున్నాయి.

"నువ్వే సెయ్యి బావా," అన్నాను.

"మగపెళ్లోరు ముందు సేస్తే అడుక్కున్నట్టుంటాదిరా. తప్పు," అంది మేనత్త. ఆ మాట మీద ఊళ్లో ఎన్ని సంబంధాలు మాడిపోయాయో ఆమెకు తెలుసు. అయినా ఆ మాటన్నాక బావ వైపు చూసి, మొహం పక్కకు తిప్పుకుని, పళ్లెం సర్దడం మొదలెట్టింది.

బావ రిసీవరు తీశాడు. నంబరు తిప్పాడు. మోగింది. ఎత్తారు. నా బావ, పెళ్లి సంబంధం వేలాడుతున్న మనిషి, ఇలా అన్నాడు:

"నాను నరసన్నపేట త్రినాథ్‌నండి. మా లైను కాలీ అయిందండి. మీరు సేసుకోవచ్చండి."

పెట్టేశాడు.

నేను అక్కడే కూలబడ్డాను. మేనత్త నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో! పెట్టెసినావేటిరా!"

"ఆలు సెయ్యాల కదా," అన్నాడు బావ.

ఫోను మోగింది. బావ ఎత్తాడు. జగన్నాధంగారి గొంతు గదంతా వినిపించింది. "పొద్దున్నించి ఎంగేజీ, ఎంగేజీ! ఎవలితో బాబూ అన్నేసి కబుర్లు?"

"ఎవలితోనూ కాదండి. కంప్యూటరుకి పూజ సేసినాం. ఉద్వాసనయినదాకా ఆపకూడదండి."

ఆయన ఆ మాటే వెనక్కి తిరిగి ఇంట్లోవాళ్లకు చెప్పినట్టుంది. తర్వాత వెనకాల ఎక్కడో ఒక ఆడపిల్ల పగలబడి నవ్వడం. "మాయమ్మి ముందే అంది," అన్నాడాయన. "ఆయన అంతసేపు మాటాడే మడిసి కాదు, అది మిషను పనే అని. సరే బాబూ, మాకిష్టమే. అమ్మకియ్యి."

మేనత్త పసుపు చేతుల్తోనే రిసీవరు అందుకుంది. ఆ ఫోను మీద పచ్చటి మరక చాన్నాళ్లు పోలేదు.

అనూరాధక్క ఇప్పుడు ఆ దుకాణంలోనే కూర్చుని జనానికి దరఖాస్తులు టైపు చేసి పెడుతుంది. బావ పక్కనే టీవీలు విప్పుతుంటాడు. వచ్చినవాళ్లకు ఈ కథంతా నేనే చెబుతాను. మొన్న కూడా ఒకాయన జిరాక్సుకొస్తే కూర్చోబెట్టి చెప్పాను. ఆ మధ్యాహ్నం మేనత్త కొడవలికి బదులు ఇంకో పాము నొక్కి ఉంటే, ఈపాటికి అనూరాధక్క విజయనగరంలో ఇంకొకరి ఇంట్లో ఉండేదని, ఒక్క మీట ఒక జీవితాన్ని నిలబెట్టిందని, నా కళ్లు కూడా కొంచెం చెమ్మగిల్లేలా చెప్పాను. ఆయన కళ్లూ చెమ్మగిల్లాయి. బావ టీవీ లోపలి నుంచి తల ఎత్తకుండానే అన్నాడు:

"అలగేటి లేదురా. సరే అని ఆలు ముందురోజే అనేసుకున్నారు. ఫోను తగల్లేదని బస్సెక్కి వచ్చి సెప్పెద్దామని సెప్పులేసుకున్నారట. అంతే."